బగారన్నం తిన్నవాళ్ల చరిత్ర

"ఏం సాయెబూ, బిర్యానీ ఎప్పుడు పెడుతున్నవ్?"

పేరు చెప్పగానే మాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది. ఆఫీసులో, బస్సులో, పిల్లల బడి గేటు దగ్గర, ఎక్కడైనా ఇదే. అడిగేవాళ్ల మనసులో చెడు లేదని మాకు తెలుసు. "పండుగకు రండి, తప్పకుండా" అంటాం, నవ్వుతాం. కానీ ఆ ప్రశ్న వెనక మా గురించి ఎవరో ముందే రాసిపెట్టిన చరిత్ర ఒకటి ఉంది. దాని ప్రకారం మేమంతా నవాబుల వంటింట్లోంచి నేరుగా నడిచొచ్చినవాళ్లం. మా తాతలు కుంకుమపువ్వు వాసన పీల్చి పెరిగినవాళ్లు.

మా తాతలు జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని బతికారు.

తెలంగాణ పల్లెల్లో మా ఇండ్లు ఊరికి నాలుగో అయిదో ఉండేవి. దూది ఏకేవాళ్లం, గాజులు అమ్మేవాళ్లం, మేకలు కోసేవాళ్లం, బట్టలు కుట్టేవాళ్లం. పండుగనాడు మా పొయ్యి మీదికెక్కేది బగారన్నం. బగారా అంటే పెద్ద మాటేం కాదు. ఉర్దూలో బఘార్ అంటే తాలింపు, అంతే. నూనె కాగాక షాజీరా, లవంగాలు, దాల్చినచెక్క, నిలువుగా కోసిన ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, అల్లం ఎల్లిగడ్డ ముద్ద, గుప్పెడు పుదీనా వేసి, ఎసరు పోసి, బియ్యం వేస్తే అయిపోయింది. ఇప్పుడు దుకాణాల్లో బిర్యానీ ఆకు అని అమ్మేదాన్ని మేం బగారా ఆకు అనేవాళ్లం. మాంసం అన్నంలో ఉండదు. దొరికితే పక్కన కూరగా ఉంటుంది. దొరక్కపోతే దాల్చా: శనగపప్పు, సొరకాయ ముక్కలు, చింతపండు పులుసు, అదృష్టం బాగుంటే నాలుగు బొక్కలు. గుంటూరు వైపు మా చుట్టాలు పలావు అంటారు. బిర్యానీ అనే మాట మా దాదీ నోట మేం ఏనాడూ వినలేదు.

ఆ అన్నం మా ఒక్కరిదీ కాదు. ఊర్లో ఏ కులం పెండ్లిలోనైనా బగారా వండుతారు. జాన్‌పహాడ్ సైదులు దర్గా దగ్గర మొక్కు తీర్చుకుని కందూరు చేసేవాళ్లలో హిందువులూ ఉంటారు, మేమూ ఉంటాం. యాటను కోసి, అన్నం వండి, చెట్ల కింద విస్తళ్లు వేస్తే, ఏ పొయ్యి ఎవరిదో పొగను చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

పుస్తకాల్లో ఉన్న చరిత్ర వేరు. పారశీకంలో బిర్యాన్ అంటే వేయించినది, కాల్చినది. 1590ల ప్రాంతంలో అబుల్ ఫజల్ రాసిన ఐనె అక్బరీలో బిర్యాన్ అన్న పేరు ఉంది. అయితే అది మాంసం వంటకాల వరుసలో ఉంది, మాంసమూ అన్నమూ కలిసినవి వేరే వరుసలో ఉన్నాయి. 1591లో హైదరాబాద్ కట్టిన కుతుబ్‌షాహీలు 1687లో పోయారు. 1724లో ఆసఫ్‌జాహీలు వచ్చారు. వాళ్ల వంటశాలల్లో ఉత్తరాది పద్ధతులూ దక్కను కారం పులుపూ కలిశాయనీ, పచ్చి మాంసం మీదనే సగం ఉడికిన అన్నం పరిచి దమ్ చేసే కచ్చీ బిర్యానీ అట్లా ఈ నగరానిది అయిందనీ చెబుతారు. కావచ్చు. ఆ దక్కను కారం కూడా పోర్చుగీసు ఓడల వెంట వచ్చిన మిరపకాయదే. ఈ చరిత్రలో రాజులున్నారు, తేదీలున్నాయి, ఓడలున్నాయి. మా ఊరు లేదు. ఆ దేగుల ముందు చెమటోడ్చి వండినవాళ్ల పేర్లూ లేవు.

రాజుల కూడు రాజులు తిన్నారు, మనకెందుకులే అని వదిలేద్దామంటే అది మమ్మల్ని వదిలిందెక్కడ? రజాకార్లు ఊర్ల మీద పడి చేసిన దౌర్జన్యాలు నిజం. వాటిని మేం దాచం. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. నిజాం లొంగిపోయాడు, తర్వాత రాజప్రముఖుడయ్యాడు. లెక్క మాత్రం పల్లెల్లో తేల్చారు. కింగ్ కోఠీ గడప ఏనాడూ తొక్కనివాళ్లు, నిజాం మొహం నాణెం మీద కూడా చూడనివాళ్లు (ఆ నాణెం మీద ఉండేది చార్మినారే) నిజాం మనుషులుగా చచ్చిపోయారు. జిల్లాలు తిరిగి వచ్చిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని రాసింది. ఆ నివేదికను మామూలు జనం చదవడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. బిర్యానీ తిన్నవాళ్ల అప్పు బగారన్నం తిన్నవాళ్లు తీర్చారు. మా ఇంట్లో ఆ రోజుల గురించి దాదీ ఎక్కువ మాట్లాడేది కాదు. జొన్నచేలో మూడు రాత్రులున్నామని చెప్పి లేచి పోయేది.

మరి బిర్యానీ మా ఇంటికి ఎప్పుడొచ్చింది? కోడితో వచ్చింది. అదీ నాటుకోడితో కాదు. నాటుకోడి అంటే గుడ్లు పెట్టే ఆస్తి. చుట్టం వస్తేనే కత్తి కిందికి వచ్చేది. వచ్చినా పదిమందికి సరిపోవాలని నీళ్లు పోసి పులుసు పెట్టేవాళ్లు. 1971లో బి.వి.రావు వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టారు. ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో మా చిన్న పట్నాల సందుల్లోకి బాయిలర్ కోడి వచ్చింది. (బ్రాయిలర్ అనాలట, మా నోటికి తిరగలేదు.) మటన్ కొనలేని ఇండ్లు చికెన్ కొనగలిగాయి. బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో బి.పి.టి. 5204 విడుదల చేసింది, అదే సాంబ మసూరి. సన్నబియ్యం మా గిన్నెలోకి అట్లా వచ్చింది. బాస్మతి ఇంకా తర్వాత, అదీ పండుగకు. ఇంటి చికెన్ బిర్యానీ మా వాటాకు నవాబుల నుంచి రాలేదు. కోళ్లఫారాల నుంచి, వరి పరిశోధన నుంచి, గ్యాస్ పొయ్యి నుంచి వచ్చింది. పాతబస్తీ చుట్టాలు మాత్రం ఒప్పుకోరు. "మురుగుతో చేస్తే బిర్యానీ ఎట్లయితదమ్మా, గోష్త్ ఉండాలె" అంటారు. మాలో మాకూ ఉన్నాయి ఎక్కువ తక్కువలు.

అమ్మీ ఎవరి దగ్గరా రాసుకుని నేర్చుకోలేదు. పెండ్లిళ్లలో బావర్చీ పక్కన నిలబడి ఉల్లిగడ్డలు కోసిచ్చి, చూసి నేర్చుకుంది. ఆమె లెక్క ఇది. కిలో చికెన్, పెద్ద ముక్కలు, బొక్కతో సహా. మటనైతే మెత్తబడడానికి పచ్చి బొప్పాయి పూసి రాత్రంతా నానబెట్టాలి, కోడికి అది అక్కరలేదు, రెండు గంటలు చాలు. పావుకిలో గట్టి పెరుగు, రెండు చెంచాల అల్లం ఎల్లిగడ్డ, కారం, పసుపు, ఉప్పు, గరంమసాలా, నిమ్మరసం, పుదీనా, కొత్తిమీర, చీల్చిన పచ్చిమిర్చి. ఉల్లిగడ్డలు నాలుగైదు సన్నగా తరిగి ఎర్రగా వేయించి, సగం నలిపి ముక్కల్లో కలపాలి, ఆ వేయించిన నూనె కూడా పోయాలి. ఇక్కడ తొందరపడితే అంతా పోయినట్టే. ఉల్లిగడ్డ బంగారు రంగు దాటి నల్లబడిందా, బిర్యానీ అంతా చేదు.

అసలు పరీక్ష బియ్యం దగ్గర. నానిన బియ్యాన్ని ఉప్పగా ఉన్న మరిగే నీళ్లలో షాజీరాతో వేసి, పొయ్యి దగ్గరనే నిలబడాలి. గింజను వేళ్ల మధ్య నొక్కితే విరగాలి, నడుమ తెల్లటి చుక్క మిగలాలి, అప్పుడు వంచెయ్యాలి. బాస్మతి కాస్త ఓపిక పడుతుంది. మసూరి పట్టదు, తల తిప్పేలోగా మెత్తబడుతుంది. అమ్మీ దాన్ని ముందే వంచేసేది. ముక్కల మీద అన్నం పరిచి, మిగిలిన ఉల్లిగడ్డ, పుదీనా, చెంచాడు నెయ్యి. కుంకుమపువ్వు మేం ఏనాడూ కొనలేదు, పాలల్లో చిటికెడు పసుపు కలిపి చల్లేది. గోధుమపిండి ముద్దను తాడులా చేసి దేగ్చా అంచుకు అంటించి మూత నొక్కేది. మొదట పది నిమిషాలు పెద్ద మంట, తర్వాత కింద పెనం పెట్టి ఇరవై అయిదు నిమిషాలు సన్నని సెగ. ఆపాక వెంటనే తీయకూడదు, పావుగంట ఆగాలి. దమ్ అంటే ఊపిరి. దాని ఊపిరి దానికే ఉంచాలి.

వడ్డించేటప్పుడు పైపైన తీయకూడదు, ఒక పక్కనుంచి అడుగు దాకా గరిటె దింపాలి. మగవాళ్లకు, వచ్చినవాళ్లకు, పిల్లలకు ముక్కలు పోయాక, అమ్మీకీ ఖాలాకూ మిగిలేది అడుగంటిన ఖుర్చన్. అదే రుచి అనేవాళ్లు. మేం చాలాకాలం నమ్మాం.

హైదరాబాద్ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బిర్యానీ కోసం పెట్టుకున్న దరఖాస్తు, చారిత్రక మూలానికి కాగితాలు చూపలేదని నిలవలేదు. వండే చేతులు కాగితం రాస్తాయా? 2019లో యునెస్కో ఈ నగరాన్ని వంటల నగరంగా గుర్తించింది. పేపర్లలో బిర్యానీ ఫొటోలు వేశారు.

ఈ నగరంలోనే మేం కిరాయి ఇంటికి తిరిగాం. ఇల్లు నచ్చింది, అడ్వాన్సు మాట్లాడుకున్నాం, పేరు అడిగారు, చెప్పాం. ఇంటాయన కాసేపు గోడకేసి చూసి, "మీరు మాంసం వండుతారు కదా, మా ఇంట్లో పెద్దవాళ్లున్నారు" అన్నాడు. ఆ వీధి మొదట్లోనే బిర్యానీ హోటలుంది, దాని ముందు రోజూ బండ్ల వరుస. ఇంకో ఇంట్లో ఒప్పుకున్నారు, వాసన రాకుండా చూసుకోమన్నారు. ఆ ఏడు రంజాన్ పండుగకు అమ్మీ ఊరి నుంచి వచ్చింది. దేగ్చా మూతకు పిండి అంటిస్తూ, మేం లేచి ఒక్కొక్క కిటికీ మూయడం చూసింది. "గాలి ఆడకపోతే ఉక్క పోస్తది గదా బేటా" అంది.

మేం ఏమీ చెప్పలేదు. వంటింటి తలుపు కింద సందులో తడిగుడ్డ కుక్కాం.