జపాను కుస్తీలో ఒక జీవితం: మిత్సుహారు మిసావా

ఇంట్లో పిల్లలు టీవీలో రెజ్లింగ్ చూస్తుంటే మనలో చాలామంది అనే మాట ఒకటుంది. "అదంతా ఉత్తుత్తిదేరా, ముందే అనుకుని కొట్టుకుంటారు" అని. ఆ మాట నిజమే. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలన్నది బరిలోకి దిగకముందే నిర్ణయమైపోతుంది. కానీ పౌరాణిక నాటకానికి వెళ్ళేటప్పుడు మనకు కథ తెలియదా? పడక సీనులో కృష్ణుడు లేచి ముందుగా అర్జునుణ్ణే పలకరిస్తాడని తెలిసే వెళ్తాం, తెల్లవార్లూ కూర్చుంటాం, పద్యం బాగా పాడితే "వన్స్ మోర్" అంటాం. అక్కడ మనం చూసేది ఏం జరుగుతుందని కాదు, ఎలా జరిపిస్తారని. రెజ్లింగ్‌నీ అలాగే చూడాలి.

అయితే ఒక తేడా ఉంది. నాటకంలో దుర్యోధనుడి తొడ నిజంగా విరగదు. రెజ్లింగ్‌లో ఫలితం ముందే రాసుకున్నా, పడడం మాత్రం నిజంగానే పడాలి. ఈ తేడా ఎంత పెద్దదో తెలియాలంటే జపానులో మిత్సుహారు మిసావా అనే వస్తాదు జీవితాన్ని చూడాలి.

జపానులో ఈ ఆట ఎలా మొదలైంది?

జపానువాళ్ళు దీన్ని "పురోరెసు" అంటారు. ప్రొఫెషనల్ రెజ్లింగ్ అన్న మాటకు అది వాళ్ళ పొట్టి రూపం. దీనికి ఆద్యుడు రికిదోజాన్. కొరియాలో పుట్టి, జపాను వచ్చి, కొంతకాలం సూమో ఆడి, తర్వాత ఇటు మళ్ళాడు. 1954లో అతను అమెరికా నుంచి వచ్చిన షార్ప్ సోదరులతో తలపడినప్పుడు, ఇళ్ళలో టీవీలు లేని జనం వీధుల్లో పెట్టిన టీవీల ముందు గుమిగూడి చూశారు. యుద్ధంలో ఓడిన దేశానికి ఆ ఆట అంత ఊరట ఇచ్చింది. మన పెద్దవాళ్ళు దారాసింగ్ కుస్తీల గురించి చెప్పేటప్పుడు కింగ్ కాంగ్ పేరు కూడా చెప్పేవారు. ఆ కింగ్ కాంగే 1955లో టోక్యోలో రికిదోజాన్ చేతిలో ఓడాడు.

1963 డిసెంబరులో కత్తిపోటుకు గురై రికిదోజాన్ చనిపోయాక, అతని శిష్యులిద్దరు 1972లో చెరో సంస్థ పెట్టారు. ఆంటోనియో ఇనోకి పెట్టింది న్యూ జపాన్. జయంట్ బాబా పెట్టింది ఆల్ జపాన్. బాబా 209 సెంటీమీటర్ల మనిషి, అంతకుముందు బేస్‌బాల్‌లో యోమియురి జయంట్స్ జట్టుకు బంతి విసిరినవాడు. మిసావా ఈ బాబా దగ్గరే తయారయ్యాడు.

ముసుగు వెనక మనిషి

మిసావా 1962 జూన్ 18న హొక్కైదో దీవిలోని యుబారి అనే బొగ్గుగనుల ఊళ్ళో పుట్టాడు. హైస్కూల్లో అసలు కుస్తీ, అంటే ఒలింపిక్స్‌లో ఆడే కుస్తీ, నేర్చుకున్నాడు. అదే స్కూల్లో అతనికంటే ఒక ఏడాది వెనక తొషియాకి కవాడా అనే కుర్రాడు చదివేవాడు. ఈ కవాడా పేరు గుర్తుపెట్టుకోండి.

మిసావా 1981 ఆగస్టులో ఆల్ జపాన్ తరఫున తొలిసారి బరిలోకి దిగాడు. 1984లో బాబా అతన్ని మెక్సికో పంపి, కొద్ది నెలలకే వెనక్కి పిలిపించి, పులి ముసుగు తగిలించాడు. "టైగర్ మాస్క్" జపాను పిల్లలకు బొమ్మల కథల ద్వారా బాగా తెలిసిన పాత్ర. న్యూ జపాన్‌లో సతోరు సయామా ఆ ముసుగుతో అప్పటికే గొప్ప పేరు తెచ్చుకుని ఉన్నాడు. మిసావా రెండో టైగర్ మాస్క్ అయ్యాడు. ఒకరి చెప్పుల్లో ఇంకొకరు కాళ్ళు పెట్టి నడవడం లాంటిది. దాదాపు ఆరేళ్ళు అలాగే నడిచాడు.

1990 వసంతంలో ఆల్ జపాన్ రెండో అగ్రతార జెనిచిరో తెన్ర్యూ వేరే సంస్థకు వెళ్ళిపోయాడు. బాబాకు కొత్త నాయకుడు కావలసి వచ్చాడు. ఆ ఏడాది మే 14న టోక్యోలో ఒక జట్టు మ్యాచ్ మధ్యలో మిసావా తన జోడీ కవాడాను పిలిచి ముసుగు తాళ్ళు విప్పమన్నాడు. ముసుగు తీసి జనంలోకి విసిరేశాడు.

1990 జూన్ 8

నాలుగు వారాలు తిరక్కుండానే టోక్యోలోని బుదోకాన్ హాల్లో మిసావాను జంబో త్సురుతాకు ఎదురుగా నిలబెట్టారు. త్సురుతా 1972 ఒలింపిక్స్‌లో జపాను తరఫున ఆడిన వస్తాదు, అప్పటి ఆల్ జపాన్‌కు పెద్దదిక్కు. అతని ముఖ్యమైన అస్త్రం బ్యాక్‌డ్రాప్. వెనకనుంచి నడుము పట్టుకుని, ఎత్తి, తాను వెనక్కి వాలుతూ ఎదుటివాణ్ణి భుజాల మీద, మెడ మీద పడేలా వేయడమన్నమాట.

ఇరవై నాలుగు నిమిషాలు గడిచాక త్సురుతా ఆ బ్యాక్‌డ్రాప్‌కే పట్టుపట్టాడు. మిసావా తన బరువును వెనక్కి తోసి త్సురుతా మీదే పడ్డాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు దొర్లారు. చివరికి పైన మిగిలింది మిసావా. రెఫరీ మూడు లెక్కపెట్టాడు. హాలంతా లేచి నిలబడి అతని పేరే అరిచింది. గెలిచినవాడు ఏడుస్తున్నాడు.

ఆ ముగింపులో ఎవరూ తలకిందులుగా పడలేదు. ఎవరి మెడా నలగలేదు. ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోండి.

నలుగురు దిక్పాలకులు

1992లో త్సురుతా కాలేయ వ్యాధితో వెనక్కి తగ్గాడు. అదే ఏడాది ఆగస్టు 22న మిసావా అమెరికన్ యోధుడు స్టాన్ హాన్సెన్‌ను ఓడించి, ఆల్ జపాన్‌లో అన్నిటికంటే పెద్ద టైటిలైన "మూడు కిరీటాలు" గెలిచాడు. 1994 జూలైలో స్టీవ్ విలియమ్స్ చేతిలో ఓడేదాకా దాన్ని వదలలేదు. మొత్తం మీద ఆ టైటిల్ అతనికి ఐదుసార్లు దక్కింది.

మిసావా, కవాడా, కెంటా కొబాషి, అకిరా తావుయే. ఈ నలుగురినీ జపాను పత్రికలు "షితెన్నో" అన్నాయి. ఇది బౌద్ధం నుంచి వచ్చిన మాట. లోకానికి నాలుగు దిక్కులా కాపలా కాసే చతుర్మహారాజులు, ధృతరాష్ట్రుడు, విరూఢకుడు, విరూపాక్షుడు, వైశ్రవణుడు, అక్కడి గుళ్ళలో విగ్రహాలై నిలబడి ఉంటారు. మన దిక్పాలకులకు దగ్గరి చుట్టాలు. నలుగురి ఆటా నాలుగు రకాలు. ఆకుపచ్చ దుస్తుల మిసావా మోచేతి దెబ్బకు ప్రసిద్ధి, ముఖంలో భావం కనపడనివ్వడు. పసుపు, నలుపు దుస్తుల కవాడా కాళ్ళతో తన్నేవాడు, ఎప్పుడూ రుసరుసలాడేవాడు. కొబాషి అరచేత్తో ఛాతీ మీద చరిస్తే చివరి వరుస దాకా వినిపించేది. పొడుగాటి తావుయే గొంతు పట్టుకుని ఎత్తి కింద పడేసేవాడు.

మ్యాచ్‌ను బేరీజు వేయడం ఎలా?

అమెరికన్ విలేఖరి డేవ్ మెల్ట్జర్ తన పత్రికలో మ్యాచ్‌లకు నక్షత్రాలు వేయడం అలవాటు చేశాడు. అతని లెక్కలో ఐదు నక్షత్రాలంటే ఆణిముత్యం. మిసావాకు అలాంటివి ఇరవైకి పైగా ఉన్నాయి. నక్షత్రాల మాట అలా ఉంచి, కొత్తగా చూసేవారు గమనించవలసినవి ఇవి:

1. ఆరంభం: మొదటి పది నిమిషాలు నెమ్మదిగా సాగుతాయి. ఎవరు ఎవరికి భయపడుతున్నారో, ఎవరికి పాత దెబ్బ ఉందో అక్కడే తెలుస్తుంది. తొందరపడి ముందుకు జరపకండి.

2. గురి: మంచి మ్యాచ్‌లో దెబ్బలు ఎక్కడపడితే అక్కడ పడవు. ఒకడు మోకాలిని పట్టుకుంటే, ఆ కుంటుడు చివరిదాకా కథలో ఉండాలి.

3. జ్ఞాపకం: పోయినసారి ఓడించిన పట్టును ఈసారి తప్పించుకోవాలి. ఏళ్ళ తరబడి సాగే సీరియల్ లాంటిది ఇది.

4. మూడో లెక్క: రెఫరీ చెయ్యి మూడోసారి నేలను తాకబోతుండగా భుజం లేపడం. ఒకటి రెండుసార్లయితే గుండె ఆగినంత పనవుతుంది. పదిసార్లయితే విలువ పోతుంది.

5. ముగింపు: అది అంతకుముందు జరిగినదానిలోంచి పుట్టిందా, లేక కేవలం ఇంకా ఎత్తునుంచి పడేశారా?

ఈ ఐదో ప్రశ్నలోనే అసలు చిక్కు ఉంది. 1990 ప్రాంతంలో బాబా ఒక మంచి పని చేశాడు. రింగ్ బయట లెక్కతోనో, అనర్హతతోనో పెద్ద మ్యాచ్‌లను తేల్చకుండా, గెలుపోటములు స్పష్టంగా ఉండేలా చూశాడు. జనం బుదోకాన్‌ను నింపారు. కానీ అలా చేస్తే ప్రతి మ్యాచ్‌కూ గట్టి ముగింపు కావాలి. నిన్నటి అస్త్రానికి ఇవాళ ప్రత్యర్థి భుజం లేపుతాడు కనుక రేపటికి ఇంకా పెద్దది కావాలి. అలా పెంచుకుంటూ పోగా చివరికి మిగిలింది మెడ.

చూడవలసిన నాలుగు మ్యాచ్‌లు

1994 జూన్ 3, మిసావా – కవాడా, బుదోకాన్. దాదాపు 36 నిమిషాలు. స్కూలు నాటి పెద్దవాణ్ణి ఈసారైనా ఓడించాలన్న కసితో కవాడా వస్తాడు. పైన చెప్పిన ఐదిటికీ దీన్ని మించిన ఉదాహరణ దొరకదు. ముగింపు "టైగర్ డ్రైవర్ 91". రెండు చేతులూ వెనక్కి మెలిపెట్టి ఎత్తి తలకిందులుగా వేయడం. చేతులు బందీలు కనుక పడేవాడు అడ్డుపెట్టుకునే వీలు లేదు.

1995 జూన్ 9, మిసావా, కొబాషి – కవాడా, తావుయే. 42 నిమిషాలు దాటిన జట్టు మ్యాచ్. కాలికి కట్టుతో ఉన్న కొబాషి, నేలమీద పడి ఉన్న మిసావాకు తన ఒళ్ళు అడ్డంవేసి కాపాడే ఘట్టం చూసి తీరాలి. అయినా చివరికి కవాడా మొట్టమొదటిసారి మిసావా భుజాలు నేలకు ఆనించాడు. మూడు కిరీటాల టైటిల్ మ్యాచ్‌లో మిసావాను ఓడించడానికి మాత్రం అతను 1998 మే 1 దాకా ఆగాల్సివచ్చింది.

1997 జనవరి 20, మిసావా – కొబాషి, ఒసాకా. మిసావా ఆయుధం మోచెయ్యి కనుక కొబాషి ఆ మోచేతినే విరగ్గొట్టే పని పెట్టుకుంటాడు. ఆలోచనలో ఇది నలుగురి మ్యాచ్‌లన్నిటిలోకీ పదునైనది. గెలుపు మిసావాది.

2003 మార్చి 1, మిసావా – కొబాషి, బుదోకాన్. రింగ్‌కు వచ్చే ఎత్తయిన దారి మీదనుంచి మిసావా కొబాషిని వెనక్కి ఎత్తి కింద నేలమీదికి వేస్తాడు. తానూ కూడా పడతాడు. కొబాషి లేచి, కొనసాగించి, గెలుస్తాడు. చూసినప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. మళ్ళీ చూడాలంటే మనసు వెనకాడుతుంది.

నోవా

1999 జనవరి 31న బాబా చనిపోయాడు. మిసావా ఆల్ జపాన్ అధ్యక్షుడయ్యాడు. సంస్థ నడపడంలో బాబా భార్యతో పొసగక 2000లో బయటికి వచ్చేశాడు. జపాను ఆటగాళ్ళు దాదాపు అందరూ అతని వెంటే నడిచారు. పేరున్నవారిలో వెనక మిగిలింది కవాడా, మసనోబు ఫుచి. ఆ ఏడాది ఆగస్టు 5న కొత్త సంస్థ తొలి ప్రదర్శన జరిగింది. ప్రళయంలో పడవ కట్టిన నోవా పేరే దానికి పెట్టాడు.

పడవ కట్టినవాడికి విశ్రాంతి ఉండదు. మిసావా అధ్యక్షుడూ అతనే, టిక్కెట్లు అమ్ముడుపోయే పేరూ అతనిదే. 2006 డిసెంబరులో, 44 ఏళ్ళ వయసులో, నోవా ప్రధాన టైటిల్ మూడోసారి గెలిచి 2008 మార్చి దాకా మోశాడు. ఒళ్ళు అరిగిపోయిన సంగతి చూసేవాళ్ళకు తెలుస్తూనే ఉంది. 2009 మార్చితో సంస్థకు టీవీ ప్రసారం పోయింది. తాను ఆగితే తన వెంట వచ్చినవాళ్ళ గతేమిటన్నది ఉద్యోగాలిచ్చే ఎవరికైనా అర్థమయ్యే బాధే.

హిరోషిమా, 2009 జూన్ 13

ఆ రోజు హిరోషిమాలో జట్టు మ్యాచ్. మిసావా పక్కన గో షియోజాకి. ఎదుట అకితొషి సైతో, బైసన్ స్మిత్. సైతో బ్యాక్‌డ్రాప్ వేశాడు. మిసావా కెరీర్‌లో వేలసార్లు పడ్డ మామూలు పట్టే. ఈసారి లేవలేదు. మెడలో వెన్నుపాము దెబ్బతింది. ఆ రాత్రే ఆసుపత్రిలో చనిపోయాడు. వయసు 46.

సైతో తప్పుగా వేశాడని తోటి ఆటగాళ్ళెవరూ అనలేదు. ఏళ్ళ తరబడి పోగుపడిన దెబ్బల మీద ఆఖరిది పడిందన్నది చాలామంది అభిప్రాయం. వీడ్కోలు సభకు వేల మంది వచ్చారు. సైతో ఆ భారం మోస్తూనే బరిలో కొనసాగి 2024లో విరమించాడు. మిసావా తర్వాత నోవా బాధ్యత తావుయే తీసుకున్నాడు. కిడ్నీ క్యాన్సర్‌ను జయించి తిరిగి వచ్చిన కొబాషి 2013 మే 11న బుదోకాన్‌లో సెలవు తీసుకున్నాడు. కవాడా టోక్యోలో నూడుల్స్ హోటల్ పెట్టాడు.

మనం వేసే నక్షత్రాలు

ఈ కథ తెలిశాక ఆ పాత మ్యాచ్‌లు చూడకూడదా? చూడొచ్చు, చూడాలి. చూడకపోవడం అతని పనికి మర్యాద కాదు. కానీ బేరీజు వేసే తీరు మారాలి. మెడ మీద పడిన ప్రతిసారీ చప్పట్లు కొట్టి, నక్షత్రాలు పెంచి, ఇంకా కావాలన్నది చూసేవాళ్ళమే. ఆడేవాళ్ళు మన కోరికే తీర్చారు.

మిసావాను మహానాయకుణ్ణి చేసింది మెడ విరిచే అస్త్రం కాదని ఇందాక చూశాం. ఒక బ్యాక్‌డ్రాప్‌ను సమయానికి తప్పించుకుని పైకి రావడం, అంతే. దానికే బుదోకాన్ లేచి నిలబడింది. పంతొమ్మిదేళ్ళ తర్వాత అదే పట్టు అతని ప్రాణం తీసింది. మీ పిల్లలు ఈసారి రెజ్లింగ్ పెట్టినప్పుడు "ఉత్తుత్తిదే" అనడం మానేసి, పక్కన కూర్చుని ఒక ప్రశ్న అడగండి. అతను అలా పడడం కథకు అవసరమేనా అని. ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే మంచి సమీక్షకు మొదలు.