మోకాటిలోని దీపము

జపానుదేశమున అతిథి యెదుట మోకాళ్ళు మడిచి మడమలపై కూర్చుండుట మర్యాదకు ప్రథమలక్షణము గనుక, క్షయవ్యాధి సోకి మోకాలు బిగిసిపోయినవానికి అది దేహబాధ మాత్రమే గాక, పదిమందిలో కూర్చుండు భాగ్యమును సైతము హరించు దురవస్థయై యుండెను. వ్యాధి ముదురక మున్నే కీలులోపల నేమి జరుగుచున్నదో కన్నులార చూడవలెనను తపనతో, టోక్యో నగరమున కెంజి టకాగి 1918లో, మూత్రాశయమును పరీక్షించు గొట్టమునే యొక మృతదేహపు మోకాటిలోనికి జొప్పించి చూచెను. అంతకు 6 సంవత్సరములకు పూర్వమే డెన్మార్కు వైద్యుడు నోర్డెన్‌టాఫ్ట్ ఇట్టి ప్రయత్నమును బెర్లిను సభలో విన్నవించియున్నను, ఆ బీజము మొక్కయైనది టోక్యోలోనే యని నా యభిప్రాయము. 1931 నాటికి టకాగి తన సాధనమును 3.5 మిల్లీమీటర్ల మందమునకు సన్నగించెను.

పిదప ఆయన శిష్యుడు మసాకి వతనబె, యుద్ధము మిగిల్చిన లేమిలోనుండి లేచి, నమూనా వెంట నమూనా కల్పించుచు 21వ దానిని చేరుకొనెను. దాని కొనయందలి చిన్ని బల్బు ఒక్కొక్కప్పుడు కీలులోనే పగిలెడిది. అయినను ఆ మినుకుమినుకు వెలుగుననే 1962లో ఆయన, మోకాటిని పెద్దగా కోయకయే, చిరిగిన మృదులాస్థిభాగమును తొలగించెను. ఎంతటి సహనము, ఎంతటి హస్తలాఘవము! 1964లో టోక్యోకు వచ్చిన కెనడా శస్త్రవైద్యుడు రాబర్ట్ జాక్సన్ ఈ విద్యను ఆయన యొద్దనే యభ్యసించి, ఆ సాధనముతో టొరంటోకు మరలెను.