కిడ్నీ మార్పిడి తర్వాత ప్రోస్టేట్ క్యాన్సర్: అండమాన్ రోగులు తెలుసుకోవాల్సినవి

కిడ్నీ మార్పిడి జరిగినవారికి మొత్తంగా క్యాన్సర్ ముప్పు సాధారణ ప్రజల కంటే రెండు, మూడు రెట్లు ఎక్కువ. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా జీవితాంతం వాడే మందులు రోగనిరోధక శక్తిని తగ్గించడం ఇందుకు ప్రధాన కారణం. చర్మ క్యాన్సర్లు, లింఫోమా ఇలాగే పెరుగుతాయి. ప్రోస్టేట్ క్యాన్సర్ మాత్రం ఇందుకు మినహాయింపు. మార్పిడి చేయించుకున్న పురుషుల్లో దీని ముప్పు మిగతా పురుషులతో దాదాపు సమానమని పెద్ద అధ్యయనాలు తేల్చాయి. అయితే వ్యాధి వస్తే దాన్ని నిర్ధారించే పద్ధతి, చికిత్స చేసే తీరు మారతాయి.

దీవుల్లో పరిస్థితి

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వీరిలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఉన్నాయి. దీవులకు ప్రధాన ఆసుపత్రి శ్రీవిజయపురం (పాత పోర్ట్ బ్లెయిర్)లోని జీబీ పంత్ ఆసుపత్రి. కార్ నికోబార్ వంటి దూరపు దీవుల వారు అక్కడికి చేరాలన్నా ఓడో, హెలికాప్టరో ఎక్కాలి. కిడ్నీ మార్పిడికైతే సముద్రం దాటి రావాల్సిందే. ఆ తర్వాత రోజువారీ వైద్యం దీవిలో, మార్పిడి చేసిన వైద్యబృందం ప్రధాన భూభాగంలో ఉంటాయి. ప్రోస్టేట్ సమస్య వచ్చినప్పుడు ఈ ఇద్దరి మధ్య సమాచారం తెగిపోతే నష్టపోయేది కొత్త కిడ్నీయే.

పీఎస్ఏ పరీక్ష

పీఎస్ఏ అనే రక్తపరీక్షతో అనుమానం మొదలవుతుంది. అంకె పెరిగినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. మార్పిడి రోగుల్లో ఈ ఇన్ఫెక్షన్లు తరచుగా వస్తాయి కాబట్టి, ముందు దాన్ని తగ్గించి, కొన్ని వారాల తర్వాత పరీక్ష మళ్లీ చేయించాలి. ప్రోస్టేట్ వాపుకు ఫినాస్టెరైడ్ వాడేవారిలో పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. ఆ సంగతి చెప్పకపోతే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవారిలో 'ఫ్రీ పీఎస్ఏ' నిష్పత్తిని నమ్మడం కష్టం.

దేశంలో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు జాతీయ స్క్రీనింగ్ కార్యక్రమం లేదు. పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది వయసు, కుటుంబ చరిత్ర, ఆరోగ్యం చూసి వైద్యుడితో కలిసి తీసుకోవాల్సిన నిర్ణయం. బయాప్సీ అవసరమైతే, మలద్వారం గుండా కాకుండా దాని ముందుభాగపు చర్మం గుండా చేస్తే ఇన్ఫెక్షన్ ముప్పు తక్కువ.

చికిత్సలో చిక్కులు

కొత్త కిడ్నీని పొత్తికడుపులో ఒక పక్కన అమర్చి, దాని మూత్రనాళాన్ని మూత్రాశయానికి కలుపుతారు. ప్రోస్టేట్ అక్కడికి దగ్గరే. శస్త్రచికిత్స సాధ్యమే కానీ, కిడ్నీ ఉన్న పక్కన లింఫ్ గ్రంథులను తీయడం కష్టం. రేడియేషన్ ఇస్తే కిడ్నీకి, మూత్రనాళానికి సోకకుండా పథకం వేసుకోవాలి. లేకపోతే నాళం ఇరుకై మూత్రం ఆగిపోవచ్చు.

మందుల విషయంలో జాగ్రత్త మరీ అవసరం. ముదిరిన దశలో వాడే ఎంజాలుటమైడ్, అపాలుటమైడ్ రక్తంలో టాక్రోలిమస్ స్థాయిని తగ్గిస్తాయి. ఆ స్థాయిని తరచూ పరీక్షించి మోతాదు సరిచేయకపోతే శరీరం కిడ్నీని తిరస్కరించవచ్చు. హార్మోన్ చికిత్స ఎముకలను బలహీనపరుస్తుంది. మార్పిడి తర్వాత వాడే స్టెరాయిడ్లదీ అదే ప్రభావం.

అయితే ప్రతి ప్రోస్టేట్ క్యాన్సర్‌కూ వెంటనే చికిత్స అక్కర్లేదు. తక్కువ ముప్పున్న కణితిని క్రమం తప్పని పరీక్షలతో గమనిస్తూ ఉండటం మార్పిడి రోగులకూ వర్తించే మార్గమే. మార్పిడికి ముందే ఇలాంటి కణితి బయటపడితే, ఆ ఒక్క కారణంతో ఏళ్ల తరబడి వాయిదా వేయనవసరం లేదని ఇటీవలి నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు

మూత్రంలో రక్తం, మూత్రం ఆగిపోవడం, తగ్గని నడుము లేదా ఎముకల నొప్పి కనిపిస్తే వైద్యుడిని కలవాలి. డయాలిసిస్ కాలంలో మూత్రం సరిగా రానివారికి ప్రోస్టేట్ వాపు బయటపడదు. మార్పిడి తర్వాత మూత్రం మొదలయ్యాకే అది తెలుస్తుంది.

వైద్యానికి ఓడ, విమానం ఎక్కే ముందు మార్పిడి డిశ్చార్జి పత్రం, వాడుతున్న మందుల జాబితా, చివరి క్రియాటినిన్, టాక్రోలిమస్ ఫలితాలు, పాత పీఎస్ఏ అంకెలు ఒకే ఫైల్లో పెట్టుకోవాలి. క్యాన్సర్ వైద్యుడు రాసిన కొత్త మందు మొదలుపెట్టే ముందు మార్పిడి వైద్యుడికి ఫోన్లో అయినా చెప్పాలి. రోగనిరోధక మందులను మాత్రం సొంతంగా ఆపకూడదు.