మగ్గాలు లేని వీధిలో మూడు రాత్రులు

మొన్నామధ్య ఆఫీసు పని మీద లండన్ వెళ్ళాల్సొచ్చింది. ఈసారి మామూలు హోటల్ కాదు, స్పిటల్‌ఫీల్డ్స్ అనే పేటలో ఒక బుటీక్ హోటల్. పాత ఇటుక గోడలు, వాటి మీద పెయింటింగులు, ఒక గది ఉన్నట్టు ఇంకోటి ఉండదు. బయటికొస్తే వీధి నిండా గోడబొమ్మలు, గ్యాలరీలు. అక్కడ ఒక్క కాఫీ డబ్బులతో మన దగ్గర ఇద్దరు భోంచెయ్యొచ్చు.

గదిలోకెళ్ళగానే మంచం మీద కాళ్ళ వైపు పరిచిన గుడ్డ చూసి ఆగిపోయాను. మన పోచంపల్లి డిజైనే!

మాది నల్లగొండ జిల్లా నేతపని కుటుంబం. తాత మగ్గం నేశాడు, నాన్న మగ్గం దిగి గుమస్తా అయ్యాడు, నేను కీబోర్డు నేస్తున్నాను. చిన్నప్పుడు మా మేనత్త చెప్పేది, "ఉల్టా చేసి చూడు బిడ్డా. రెండు దిక్కులా ఒక్కతీరుగుంటే చిటికి, లేకుంటే అచ్చు" అని. అలవాటు కొద్దీ తిరగేశాను. వెనక వెలిసిపోయినట్టు తెల్లగా ఉంది. అచ్చు!

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మామూలు గుడ్డని నేశాక దాని మీద బొమ్మ అద్దుతారు. చిటికిలో నెయ్యకముందే నూలుకి, పట్టుకి లెక్క ప్రకారం రబ్బరు ముక్కలతో ముళ్ళు కట్టి రంగులో ముంచుతారు. ముడి ఉన్నచోట రంగెక్కదు. మగ్గం మీద పడుగూ పేకా కలిసినప్పుడే బొమ్మ తేలుతుంది, అందుకే రెండు వైపులా ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే డిజైనంతా కంపైల్ చెయ్యకముందే అయిపోవాలి, తర్వాత ప్యాచ్ వెయ్యడం కుదరదు. అచ్చుగుడ్డ వట్టి స్క్రీన్‌షాట్.

సాయంత్రం ఫోర్నియర్ స్ట్రీట్‌లో నడుస్తుంటే పాత ఇళ్ళ పై అంతస్తులకి పొడవాటి కిటికీలు కనిపించాయి. ఎందుకా అంటే, అక్కడ మగ్గాలుండేవి, వాటికి వెలుతురు కావాలి! 1685లో ఫ్రాన్సు రాజు ప్రొటెస్టెంట్ల మతస్వేచ్ఛని రద్దు చేస్తే పారిపోయొచ్చిన హ్యూగెనాట్లు చాలామంది ఇక్కడే పట్టు నేశారు.

ఇంకో సంగతి చూడండి. 1719లో ఇదే పేట నేతగాళ్ళు మన దేశపు అద్దకం గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళ మీద పడి బట్టలు చింపేశారు. మచిలీపట్నం లాంటి రేవుల నుంచి వెళ్ళిన అద్దకం వాళ్ళ కడుపు కొడుతోందని కోపం. 1721లో పార్లమెంటు అలాంటి గుడ్డలు కట్టుకోవడాన్నే నిషేధించింది. అయినా నేత నిలబడలేదు. 1860లో ఫ్రాన్సుతో వాణిజ్య ఒప్పందం కుదిరి ఫ్రెంచి పట్టు సుంకం లేకుండా దిగాక చితికిపోయింది. ఇరవయ్యో శతాబ్దం చివర్లో ఆ పాత ఇళ్ళలోకి కళాకారులొచ్చారు. వాళ్ళ వెనకే కాఫీ షాపులు, హోటళ్ళు. అంటే పేట అందగించింది నేతగాళ్ళు పోయాకే.

ఇప్పుడు మన పోచంపల్లి. హైదరాబాదుకి యాభై కిలోమీటర్లు, 2016 దాకా నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటన్నది. అక్కడ మగ్గాలింకా ఆడుతున్నాయి. కానీ ఎన్నాళ్ళు? గుర్తింపు పేరుకే కాపలా, బొమ్మని అచ్చు కొట్టేవాడిని ఆపడం కష్టం. ఆసు పొయ్యడం సంగతి తెలుసు కదా, ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. శారాజీపేట చింతకింది మల్లేశం వాళ్ళమ్మ భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. మా మేనత్త భుజానికి మాత్రం అది కాస్త ఆలస్యమైంది.

పోచంపల్లికి ఒక పాత అతిథి కూడా ఉన్నాడు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే వచ్చి, భూమి లేని దళితుల్ని మీకేం కావాలని అడిగాడు. నలభై కుటుంబాలకి ఎనభై ఎకరాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి వంద ఇస్తానన్నాడు. భూదానం అలా మొదలైంది. ఆ ఉద్యమం ఎంత సాధించిందనేది వేరే చర్చ. నాకు నచ్చింది ఆ ప్రశ్న. మనం వెళ్ళినప్పుడు అడిగేది, "చీరెంత? తగ్గించరా?" అనే కదా.

తిరిగొచ్చాక మేనత్తకి ఫోన్లో ఇదంతా చెప్పాను. నేతగాళ్ళ వీధిలో ఉన్నానంటే సంబరపడింది.

"ఆడ మగ్గాలు ఆడుతున్నయా బిడ్డా?"

"లేవత్తా. ఎప్పుడో ఆగిపోయినై."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "మరి ఏం చూస్తందుకు పోతరు?"

నా దగ్గర జవాబు లేదు. పోచంపల్లిలో అందమైన హోటల్ రావొద్దని నేననను. రానీయండి, గదికో డిజైన్ పెట్టనీయండి. కానీ మంచం మీది గుడ్డ తిరగేస్తే రెండు వైపులా ఒక్కతీరుగుండాలి. పక్కింట్లో మగ్గం చప్పుడు వినపడాలి. వచ్చే నెల పిల్లల్ని తీసుకెళ్తున్నా, బేరమాడకూడదని ముందే అనుకున్నాం.