ఒకే ఆజ్ఞకు రెండు అర్థములు: లినక్సులో సి.డి. డ్రైవుల కథ

కాంపాక్ట్ డిస్కు 1982లో సంగీతము కొరకు విపణిలోనికి వచ్చినది. 12 సెంటీమీటర్ల వ్యాసము గల ఆ బిళ్లపై సూక్ష్మమైన గుంటల వరుస చుట్టలు చుట్టుకొని 5 కిలోమీటర్లకు పైగా సాగును. లేసరు కిరణము వానిని చదువును. చదివినదానిని కంప్యూటరునకు అప్పగించుటకు మాత్రము డ్రైవునకును యంత్రమునకును నడుమ ఒక భాష కావలెను. చిక్కంతయు ఈ భాషలోనే వచ్చినది.

హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సును ప్రకటించెను. దాని మూలరచనను ఎవరైనను చదివి దిద్దుకొనవచ్చును. ఆ దినములలో సోనీ, మిత్సుమి మొదలగు సంస్థల డ్రైవులకు వేర్వేరు కార్డులు, వేర్వేరు ఆజ్ఞలు ఉండెడివి. అందుచే లినక్సు కెర్నలులో, అనగా యంత్రమును నడుపు మూలభాగములో, ఒక్కొక్కదానికి ఒక్కొక్క డ్రైవరు ప్రోగ్రాము వ్రాయవలసి వచ్చెను. కార్డు ఏ చిరునామాలో నున్నదో చాలసార్లు వాడువారే తెలుపవలెను.

1990ల మధ్యలో ఏటపీ అను ఉమ్మడి పద్ధతి వ్యాపించెను. హార్డు డిస్కులకు వాడు ఐడిఇ తీగపైననే, స్కసీ అను మరొక పద్ధతిలోని ఆజ్ఞలను పొట్లములుగా కట్టి పంపుటయే దీని కిటుకు.

ఇక బిళ్లపై వ్రాయు పని. 1996లో యోర్గ్ షిల్లింగ్ వ్రాసిన సి.డి.రికార్డ్ ప్రోగ్రాము స్కసీ పరికరములతోనే మాటలాడును. కావున ఐడిఇ రికార్డరుకు స్కసీ వేషము వేయవలసి వచ్చెను. కంప్యూటరు మొదలగునప్పుడే ‘హెచ్.డి.సి.=ఐడిఇ-స్కసీ’ అని కెర్నలునకు చెప్పవలెను. రెండవ తీగపై మొదటి పరికరము స్కసీ వేషములో కనబడవలెనని దీని అర్థము. ఈ చిన్న వాక్యము తెలియక ఎందరు తల బ్రద్దలు కొట్టుకొనిరో!

2003 అక్టోబరులో వెలువడిన మాండ్రేక్ లినక్సు 9.2తో అసలు ప్రమాదము సంభవించెను. వ్రాయు డ్రైవు వచ్చిన సమాచారమును కొంత తన జ్ఞాపకములో నిలువ ఉంచుకొనును. ‘నిలువయున్నది బిళ్లపై వ్రాసివేయుము’ అను ఆజ్ఞ ఒకటి కలదు. మాండ్రేక్ కెర్నలు ఆ ఆజ్ఞను చదువుటకు మాత్రమే పనికివచ్చు డ్రైవులకును పంపెను. అట్టి డ్రైవు ‘ఇది నాకు చేతకాదు’ అని బదులీయవలెను. కాని కొన్ని ఎల్.జి. డ్రైవులలో అదే సంఖ్యను ‘లోపలి ప్రోగ్రామును మార్చుకొనుము’ అను పనికి కేటాయించి యుండిరి. ఫలితముగా లోపలి ప్రోగ్రాము చెడి, డ్రైవులు మూగవోయినవి. నియమము తప్పినది డ్రైవే. అయినను నష్టపడినవారు సామాన్యులు. మాండ్రేక్ వారు కెర్నలును సవరించి విడుదల చేసిరి.

2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నలుతో స్కసీ వేషము అవసరము తీరెను. ఐడిఇ రికార్డరుకు ఆజ్ఞలను నేరుగా పంపవచ్చును. అయితే ఏ ఆజ్ఞనైనను పంపగలిగినచో, డ్రైవును పాడుచేయు ఆజ్ఞను కూడ పంపవచ్చును గదా! అందుచే 2004 ఆగస్టునాటి 2.6.8లో ఆజ్ఞలకు జల్లెడ పెట్టిరి. సామాన్య వాడుకరికి పట్టికలోనున్న ఆజ్ఞలు మాత్రమే చెల్లును. వెంటనే మరొక గోల: నిన్నటివరకు సి.డి.లు వ్రాసుకొనుచున్నవారిలో పలువురికి ఆ పని ఆగిపోయెను. యంత్రాధికారి హోదాలో వ్రాయుడనిరి. తరువాతి విడుదలలలో పట్టికను సవరించుచు పోయిరి.

సోనీ, మిత్సుమి కార్డుల కొరకు వ్రాసిన తొలినాటి డ్రైవరులను 2007లో కెర్నలు నుండి తొలగించిరి.