అండమాన్ కుక్కల్లో నాడీ సంబంధ బాక్టీరియా వ్యాధులు: నిర్ధారణ చరిత్ర

కుక్క చొంగ కారుస్తూ, తూలుతూ, మీద పడి కరవబోతే ప్రధాన భూభాగంలో ఎవరైనా ముందు అనుమానించేది రేబిస్‌నే. అండమాన్ నికోబార్ దీవులను మాత్రం, లక్షద్వీప్‌తో పాటు, రేబిస్ లేని ప్రాంతంగా పరిగణిస్తారు. బయటి నుంచి వచ్చిన కుక్క కాకపోతే పశువైద్యుడు వేరే కారణాలు వెతకాలి: డిస్టెంపర్ వైరస్, విషం, అరుదుగా బాక్టీరియా.

దీవుల్లో బాగా పరిశోధించిన బాక్టీరియా లెప్టోస్పైరా. టేలర్, గోయల్ 1931లో వెలువరించిన అధ్యయనం మనుషుల్లో దీన్ని నమోదు చేసింది. వారు వేరుచేసిన ఒక రకానికి ‘అండమానా’ అనే పేరు నిలిచింది. తర్వాత అంతా మరిచిపోయారు. 1988 నుంచి ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్ వైపు వానల తర్వాత జ్వరం, దగ్గులో నెత్తురు పడటం కనిపిస్తే ‘అండమాన్ హెమరేజిక్ ఫీవర్’ అన్నారు. అది లెప్టోస్పైరోసిసేనని పోర్ట్‌బ్లెయిర్‌లోని ఐసీఎంఆర్ పరిశోధన కేంద్రం 1990లలో తేల్చింది. అరవై ఏళ్ల కిందటి ఆ అధ్యయనం అప్పుడు చేతిలో ఉంటే కొన్నేళ్లు కలిసొచ్చేవేమో.

కుక్కల్లో లెప్టోస్పైరా ఎక్కువగా దెబ్బతీసేది మూత్రపిండాలనూ కాలేయాన్నీ. మెదడు పొరల దాకా పోవడం అరుదు. నిర్ధారణకు వాడే మ్యాట్ (మైక్రోస్కోపిక్ అగ్లుటినేషన్ టెస్ట్) పరీక్షకు మూలం 1918 నాటి మార్టిన్, పెటిట్‌ల పని. రోగి సీరాన్ని సజీవ లెప్టోస్పైరాలతో కలిపి, అవి గుంపుకడతాయేమో చూస్తారు. పరీక్షకు వాడే లెప్టోస్పైరాల్లో స్థానిక రకాలు లేకపోతే పరీక్ష తప్పుగా ‘లేదు’ అనవచ్చు. టీకా వేసిన కుక్కలో ‘ఉంది’ అన్నా నమ్మలేం. రెండు మూడు వారాల తేడాతో రెండోసారి రక్తం తీసి, ప్రతిరక్షకాలు నాలుగింతలు పెరిగాయా అని చూడాలి.

వెతకాల్సిన మరో బాక్టీరియా పిడుదుల వల్ల వచ్చే ఎర్లికియా. దీన్ని కుక్కల్లో 1935లో అల్జీరియాలో గుర్తించారు. మన దేశంలో 1944లో మద్రాసు నుంచి తొలి నివేదిక వచ్చింది. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనిక శునకాలు వందల్లో చనిపోయాకే ప్రపంచం దీన్ని పట్టించుకుంది. ఇది మెదడు పొరలకు పాకితే మెడ బిగుసుకుపోవడం, తూలడం, ఫిట్స్ ఉంటాయి. అసలు చిక్కు ఇక్కడే: రుజువు కావాలంటే మత్తిచ్చి తల వెనక సూదితో వెన్నుద్రవం తీయాలి, కానీ ఈ జబ్బులో ప్లేట్‌లెట్లు పడిపోతాయి గనక సూది పోటుతో రక్తస్రావం కావచ్చు. అందుకే ముందు రక్తపు స్మియర్‌లో తెల్లకణాల లోపల మోరులాలు అనే బాక్టీరియా గుత్తుల కోసం చూస్తారు. అవి కనబడకపోవడమే ఎక్కువ. ఇప్పుడు బాక్టీరియా డీఎన్‌ఏను వెతికే పీసీఆర్ పరీక్ష ఆ లోటు చాలావరకు తీరుస్తోంది.

నాడులను దెబ్బతీసే మరో బాక్టీరియా వ్యాధి ధనుర్వాతానికి ప్రయోగశాలతో పెద్దగా పనిలేదు. నిటారుగా బిగిసిన చెవులు, ముడతలు పడిన నుదురు, ఎక్కడో మానుతున్న చిన్న గాయం చాలు. ధనుర్వాతపు బాక్టీరియా విడుదల చేసే విషాన్ని తట్టుకునే శక్తి కుక్కలకు ఎక్కువ. అందుకే ఒక్కోసారి గాయమైన కాలు మాత్రమే బిగుస్తుంది.

లెప్టోస్పైరాకూ ఎర్లికియాకూ డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది కాబట్టి ఫలితం రాకముందే మందు మొదలుపెట్టడం వాడుక. అయితే పీసీఆర్‌కు పంపే నమూనాను మొదటి మోతాదుకు ముందే తీయాలి. ఆ తర్వాత తీస్తే బాక్టీరియా జాడ దొరక్కపోవచ్చు.