హైదరాబాద్ సిటీ పోలీస్: పాత పత్రికలలో ఒక ఫుట్‌బాల్ జట్టు

ఒకప్పుడు బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్ పోటీని 1891లో ఆంగ్లేయులు ప్రారంభించారు. 1950 నుంచి 1954 వరకు ఆ కప్పును వరుసగా ఐదుసార్లు గెలుచుకున్న జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. 1950లోనే మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును కూడా కైవసం చేసుకున్నది. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానం పొందిన భారత జట్టును తీర్చిదిద్దినదీ ఆయనే.

పాత పత్రికలలో ఈ జట్టు వార్తలను వెదకేవారికి పేర్లతోనే చిక్కు. తొలినాళ్లలో దీని పేరు సిటీ అఫ్గాన్స్. 1960లో రోవర్స్ కప్పు గెలిచిన ఆంధ్రప్రదేశ్ పోలీస్ కూడా ఇదే జట్టు. మారినది రాష్ట్రమే.

ఆ మార్పు చంద్రపూర్ జిల్లాకూ సంబంధించినదే. ఐదు విజయాల కాలంలో రాజురా ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. కనుక అక్కడివారికి అది సొంత రాష్ట్రపు జట్టు. 1956 పునర్విభజనలో రాజురా బొంబాయి రాష్ట్రంలో చేరి, మొదట నాందేడ్ జిల్లాలో ఉండి, 1959లో నాటి చాందా జిల్లాలో కలిసింది. 1957లో పోలీసు జట్టు మళ్లీ రోవర్స్ కప్పు గెలిచేనాటికి రాజురావాసులకు బొంబాయి సొంత రాజధాని, హైదరాబాద్ పొరుగు రాష్ట్రపు నగరం.